చేనులో పడిన తెల్ల డబ్బా

కదిరి నుంచి రాయచోటి వైపు ఉన్న పల్లెల్లో అప్పుడప్పుడూ ఒక వింత జరుగుతుంటుంది. తెల్లారి శెనక్కాయ చేనుకు పోయిన మనిషికి గట్టు పక్కన అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా కనిపిస్తుంది. దానికి పొడుగాటి దారం, దారం చివర చిరిగిన రబ్బరు పీలికలు, కొన్నిసార్లు చిన్న గొడుగులాంటి పలచని గుడ్డ. డబ్బా మీద ఏదో రాసి ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. గంట తిరక్కుండానే ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. బాంబు అంటారు. చైనావాళ్ల గూఢచారి బెలూన్ అంటారు. తుమ్మలపల్లె యురేనియం గనికి సంబంధించిందేమో అంటారు. వానను తరిమే మిషన్ అనేవాళ్లూ ఉంటారు. పెద్దవాళ్లు దూరంగా నిలబడి మాట్లాడుకుంటారు. పోలీసులకు ఫోన్ చేయాలా వద్దా అని చర్చ నడుస్తుంది. ఈలోగా పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు మాత్రం దాని చుట్టూ మూగిపోతారు.

ఆ డబ్బాను రేడియోసాండ్ అంటారు. వాతావరణాన్ని కొలవడానికి బెలూన్‌కు కట్టి ఆకాశంలోకి వదిలే పరికరం అది. ప్రపంచం మొత్తం మీద సుమారు 1,300 కేంద్రాల నుంచి ఇలాంటివి ఎగురుతుంటాయి. మన దేశంలో భారత వాతావరణ శాఖకు యాభైకి పైగా కేంద్రాలున్నాయి. అన్ని దేశాలూ ఒకే వేళ పెట్టుకున్నాయి: మన టైములో ఉదయం 5:30, సాయంత్రం 5:30. ఆ లెక్కకు అందేలా బెలూన్‌ను కాస్త ముందే వదులుతారు. భూమి మీద ఎక్కడెక్కడ గాలి ఎలా ఉందో ఒకే క్షణంలో ఫోటో తీసినట్టు తెలియాలి కాబట్టి ఈ నియమం.

మా స్కూలు పిల్లలు ఒకసారి ఇలాంటి డబ్బా పట్టుకొచ్చారు. వాళ్ల చేతుల్లో చూసిందే ముందు చెబుతాను, ఎందుకంటే దాని లోపల ఏముందో వాళ్లు విప్పినంత బాగా నేను విప్పలేను. తొమ్మిదో తరగతి అబ్బాయి దాన్ని టవల్‌లో చుట్టి తెచ్చాడు. వెంట వచ్చిన గుంపును చూస్తే ఆశ్చర్యం వేసింది. క్రికెట్ ఆడేవాళ్లు, ఎవరితోనూ కలవని ఒక పుస్తకాల పురుగు, టెన్త్ చదివే ఇద్దరు అమ్మాయిలు, మొబైల్ రిపేర్ షాపులో పని నేర్చుకుంటున్న ఒక ఇంటర్ కుర్రాడు. మామూలు రోజుల్లో వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. "ముట్టుకోవద్దురా, పేల్తాదేమో" అని దారి పొడుగునా వాళ్ల అవ్వ అరుస్తూనే ఉందట.

డబ్బా ఒక పక్క నుంచి వెండి రంగు పూత ఉన్న సన్నని పట్టీ బయటికి వంగి ఉంది. అగ్గిపుల్ల కంటే పలచన. చివర కంటికి ఆనీ ఆనని చిన్న చుక్క. "సార్, దీంట్లో సిమ్ ఉంటాదా?" అని ఒకడు అడిగాడు. ఇంటర్ కుర్రాడు వెనక మూత తీశాడు. రెండు పెన్సిల్ సెల్లులు, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద నలుపలకల చిప్. వాడు వెంటనే, "ఇది ఫోన్లో ఉండే జీపీఎస్ లాంటిదే సార్" అన్నాడు. టెన్త్ అమ్మాయి డబ్బా అంచున ఉన్న సీరియల్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకుంది. అప్పటికి ఎవరికీ ఏమీ తెలియదు, నాతో సహా. కానీ తలా ఒక ముక్క తెలుసు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు లేబుల్ చదివారు, చిప్‌లు చూసినవాడు బోర్డు చదివాడు, చేను తెలిసినవాడు అది ఏ దిక్కుకు పడి ఉందో చెప్పాడు. క్లాసులో జవాబు నాకు ముందే తెలిసి ఉంటుంది, పిల్లలకూ ఆ సంగతి తెలుసు. ఇక్కడ అందరం ఒకే మెట్టు మీద ఉన్నాం. ఈ వయసు పిల్లలను ఒక వస్తువు ఇంతగా కలిపి కూర్చోబెట్టడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఆ వెండి పట్టీయే అసలు పరికరం. చివర ఉన్న చుక్క ఉష్ణోగ్రత చెబుతుంది. వేడి మారితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును బోర్డు లెక్కగడుతుంది. పక్కనే ఉన్న పలచని పొర గాలిలో తేమను పీల్చుకున్నకొద్దీ దానిలో నిలిచే విద్యుదావేశం మారుతుంది, దాన్నుంచి తేమ తెలుస్తుంది. గాలి పీడనాన్ని కొన్ని రకాలు విడిగా కొలుస్తాయి, కొన్ని ఎత్తును బట్టి లెక్కకడతాయి. ఇక గాలి వేగం సంగతి. పిల్లలు బోర్డంతా వెతికారు, గాలిని కొలిచే ఫ్యాన్ ఏదీ దొరకలేదు. ఉండదు కూడా. బెలూన్ గాలితో పాటే కొట్టుకుపోతుంది కాబట్టి, జీపీఎస్ ప్రకారం అది సెకనుకు ఎంత జరిగిందో అదే ఆ ఎత్తులో గాలి వేగం. ఈ సంగతి అర్థమైనప్పుడు మా పుస్తకాల పురుగు మొహం చూడాలి.

బెలూన్ పలచని లేటెక్స్ రబ్బరుతో చేసింది. నింపేది హైడ్రోజన్, కొన్నిచోట్ల హీలియం. వదిలినప్పుడు ఒకటిన్నర, రెండు మీటర్ల వెడల్పుంటుంది. నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి లోపలి వాయువు ఉబ్బుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తులో పీడనం నేల మీద ఉన్నదానిలో నూటికి ఒక వంతే. అక్కడికి చేరేసరికి బెలూన్ వ్యాసం నాలుగు రెట్లు దాటి ఉంటుంది, రబ్బరు ఇక సాగలేక పగిలిపోతుంది. గుత్తి నుంచి గుంతకల్లు ఎంత దూరమో అంత దూరం నిట్టనిలువునా పైకి పోయి పగిలిందన్నమాట. ఆ తర్వాత చిన్న పారాచూట్ దాన్ని నిదానంగా దించుతుంది. మొత్తం ప్రయాణం రెండు, రెండున్నర గంటలు.

వడగాలి నెత్తిన మంచు

అనంతపురంలో మే నెల ఎండ 42 డిగ్రీలు ఉన్న రోజున బెలూన్ ఎక్కితే ఏం చూస్తుందో చెబితే పిల్లలు నమ్మరు. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తుకు పోయేసరికి ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది. 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంటే తారు రోడ్డు మెత్తబడే ఎండ కింద నిలబడి తలెత్తి చూస్తే, మన నెత్తి మీదే అంటార్కిటికా అంత చలి ఉందన్నమాట. ఇంకా పైకి పోతే మళ్లీ వేడెక్కడం మొదలవుతుంది, 30 కిలోమీటర్ల దగ్గర మైనస్ 45 ప్రాంతంలో ఉంటుంది. గాలి ఇలా పొరలు పొరలుగా ఉందని తెలిసింది కూడా బెలూన్ల వల్లే. ఫ్రాన్సులో తెసెరాంక్ ద బోర్ అనే ఆయన రెండు వందలకు పైగా బెలూన్లు ఎగరేసి, ఒక ఎత్తు దాటాక చలి పెరగడం ఆగిపోతోందని 1902లో ప్రకటించాడు. దాన్నే ఇప్పుడు స్ట్రాటోస్ఫియర్ అంటున్నాం.

అప్పట్లో బెలూన్ పరికరంలో రేడియో లేదు. పరికరం తనలో తానే గీతలు గీసుకుని కింద పడేది. ఎవరో రైతు దాన్ని చూసి, భద్రంగా తెచ్చి ఇస్తేనే కొలత దక్కేది. మన దేశంలోనూ ఆగ్రాలో 1914 నాటికే ఎగువ గాలుల పరిశోధనకు కేంద్రం వెలిసింది. ఆ రోజుల్లో చేనులో డబ్బా దొరికిన మనిషి కూడా ఆ ప్రయోగంలో భాగస్తుడే. 1929లో ఫ్రాన్సులో రాబర్ట్ బ్యూరో, 1930లో రష్యాలో మోల్చానోవ్ రేడియో సిగ్నల్ పంపే పరికరాలు ఎగరేశాక ఆ అవసరం తప్పిపోయింది. ఇప్పుడు 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాల మీద ప్రతి సెకనూ సమాచారం కిందికి వస్తూనే ఉంటుంది. డబ్బా నేలను తాకేలోపే దాని పని ముగిసిపోతుంది. అందుకే దాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు, అందుకే మనకు అది దిక్కూమొక్కూ లేని వస్తువులా కనిపిస్తుంది. అమెరికాలో ఏడాదికి సుమారు 75,000 వదిలితే, దొరికి వెనక్కి వచ్చేవి నూటికి ఇరవై కూడా ఉండవు.

గాలి పడమటి నుంచి కొడుతుంటే

ఆ రోజు అందరికంటే మంచి ప్రశ్న వేసింది చేను తెలిసిన అబ్బాయి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది, అది అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది, వాళ్లూ ఇలాంటి బెలూన్లు వదులుతారు, బహుశా ఇది అక్కడిదే కావచ్చు అని నేను చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "అది మనకు తూర్పున కదా సార్. ఆషాడం గాలి పడమటి నుంచి ఇంత కొడతాంటే, తూర్పున వదిలింది ఇక్కడెట్లా పడతాది?"

వాడి లెక్క తప్పు కాదు. జూన్, జులైలో రాయలసీమలో నేల మీద గాలి పడమటిదే. ఎద్దుల మెడ పట్టు తప్పేలా, పొలంలో మాట వినపడనంతగా కొడుతుంది. కానీ పైన 14, 16 కిలోమీటర్ల ఎత్తులో సరిగ్గా దానికి ఎదురు దిక్కున, తూర్పు నుంచి పడమటికి, గంటకు నూరు కిలోమీటర్లు దాటే వేగంతో మరో గాలి నది పారుతుంటుంది. దక్షిణ భారతం మీదుగా ఆఫ్రికా దాకా పోయే ఈ ప్రవాహాన్ని తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీని గురించి 1958లో వివరంగా రాసింది మన దేశపు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. రుతుపవనాల నాలుగు నెలలూ ఈ పై గాలి ఉంటుంది. కాబట్టి గాదంకిలో వదిలిన బెలూన్ మొదట కాస్త తూర్పుకు పోయి, ఎత్తుకు పోయాక వెనక్కి తిరిగి పడమటికి కొట్టుకొస్తుంది. చలికాలంలో సంగతి వేరు. అప్పుడు ఎత్తులో పడమటి గాలులు వీస్తుంటాయి కాబట్టి, బెంగళూరు వైపు వదిలినవి తూర్పుకు జరిగే అవకాశం ఎక్కువ. చేనులో పడిన డబ్బా ఏ నెలలో పడిందో తెలిస్తే, అది ఎటు నుంచి వచ్చి ఉంటుందో కొంత ఊహించవచ్చు.

గాదంకి కేంద్రం గురించి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. 1992లో మొదలైన ఆ కేంద్రంలో 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు స్థలంలో 1,024 యాంటెన్నాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. అదంతా కలిపి ఒకే రాడార్. నిట్టనిలువుగా ఆకాశంలోకి చూస్తుంది. దాని కొలతలను పోల్చి చూసుకోవడానికి కూడా బెలూన్లు పనికొస్తాయి. మన ఇస్రో తిరువనంతపురం శాస్త్రవేత్తలు సొంతంగా పిషరోటి సాండ్ అనే పరికరం తయారుచేశారు. కాబట్టి దొరికిన డబ్బా విదేశీ కంపెనీది కావచ్చు, మనదీ కావచ్చు. విదేశీ పేరు కనిపించినంత మాత్రాన అది గూఢచారి వస్తువు అయిపోదు.

గూఢచారి బెలూన్ అన్న మాట 2023 ఫిబ్రవరి నుంచి ఎక్కువగా వినిపిస్తోంది. అమెరికా తన తీరం దగ్గర ఒక చైనా బెలూన్‌ను కూల్చింది అప్పుడే. అది సుమారు 60 మీటర్ల ఎత్తున్న భారీ బెలూన్, రోజుల తరబడి ఎగిరింది. మన చేనులోని డబ్బా బరువు వంద, రెండు వందల గ్రాములకు మించదు, దాని ప్రయాణం రెండు, రెండున్నర గంటలే. రెంటికీ పోలికే లేదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి పెద్ద పెద్ద పాలిథిన్ బెలూన్లు ఎగురుతాయి. వాటికి కట్టే పరికరాలు బరువైనవి, కొన్నింట్లో ప్రాణం తీసే హైవోల్టేజి ఉండవచ్చు. 2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లాలో అలాంటి ఒక పెద్ద క్యాప్సూల్ దిగితే చుట్టుపక్కల జనమంతా పోగయ్యారు. అది ఒక విదేశీ సంస్థ పరీక్ష కోసం ఆ హైదరాబాద్ కేంద్రం నుంచే ఎగరేసింది. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా వేరు, మనిషంత పెట్టె వేరు. పెద్దది కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే పోలీసులకు చెప్పాలి.

మోడం కమ్మి రాలకపోతే

వానను తరిమే మిషన్ అన్న పుకారును నేను కొట్టిపారేయను. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రాయలసీమలో మేఘమథనం, అంటే మేఘాల్లో రసాయనాలు చల్లి వాన కురిపించే ప్రయత్నం, చేయించింది. విమానాలు తిరిగాయి, వాన రావాల్సినంత రాలేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన సగటుగా పడే అనంతపురంలో, ఆకాశంలో తిరిగే ఏ వస్తువు మీదైనా అనుమానం రావడం సహజం. పదును వాన కోసం మృగశిర కార్తె నుంచి ఎదురుచూసే రైతుకు ఆకాశం అంటే టెన్షనే.

సరిగ్గా ఆ టెన్షన్‌కు సంబంధించిన సమాచారాన్నే ఆ డబ్బా పంపుతుంది. మోడం కమ్ముతుంది, ఉరుముతుంది, చినుకు పడదు. ఎందుకు? పడమటి కనుమలు దాటి దిగివచ్చే గాలి అప్పటికే తేమను అటు పక్కే వదిలేసి ఉంటుంది. మన మీద మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తులో పొడి గాలి పొర పరుచుకుంటుంది. పై నుంచి రాలిన చినుకులు ఆ పొరలోనే ఆవిరైపోతాయి. మరికొన్ని రోజుల్లో ఆ ఎత్తులో వెచ్చని పొర మూతలా కూర్చుని, కింది తేమను మేఘంగా ఎదగనివ్వదు. ఉపగ్రహం పై నుంచి చూసి మేఘం ఉందని చెప్పగలదు గానీ, ఆ మూత ఎంత మందం, ఎంత గట్టిది అన్నది పొరల గుండా స్వయంగా పోయివచ్చిన పరికరం చెప్పినంత ఖచ్చితంగా చెప్పలేదు. ఆ మూత మధ్యాహ్నానికి పగులుతుందా అన్న లెక్క మీదే పిడుగులు, వడగళ్లు, గాలివాన హెచ్చరికలు ఆధారపడతాయి. పొలంలో ఉన్నవాళ్ల ఫోన్‌కు పిడుగు హెచ్చరిక పంపే దామిని యాప్ ఉంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసింది. అలాంటి హెచ్చరికల వెనక మెరుపులను పసిగట్టే సెన్సర్లు, రాడార్లు, ఈ బెలూన్లు అన్నీ కలిసి పనిచేస్తాయి. నోయిడాలోని వాతావరణ అంచనా కేంద్రంలో కంప్యూటర్ మోడల్ ప్రతి పూటా లెక్క మొదలుపెట్టేముందు ఈ కొలతలను తీసుకుంటుంది.

సిగ్నల్‌ను మనమూ వినవచ్చా అని ఇంటర్ కుర్రాడు అడిగాడు. బయటి దేశాల్లో ఇదొక పెద్ద సరదా. 2012 ప్రాంతంలో కంప్యూటర్‌కు తగిలించే చౌక టీవీ డాంగుల్‌తో రకరకాల రేడియో తరంగాలు వినవచ్చని కొందరు కనిపెట్టారు. అప్పటి నుంచి కుర్రాళ్లు బెలూన్ ఎక్కడ దిగుతుందో మ్యాపులో చూసుకుని సైకిళ్ల మీద వెతుక్కుంటూ పోతున్నారు. మన దేశంలో వైర్‌లెస్ పరికరాలకు లైసెన్సు నిబంధనలున్నాయి కాబట్టి ముందు అవి తెలుసుకోవాలి. దానికి సరైన దారి అమెచ్యూర్ రేడియో (సరదాగా రేడియో నడిపేవాళ్ల లైసెన్సు) పరీక్ష, స్కూలు పిల్లలు కూడా రాయవచ్చు. కదిరిలోనో కడపలోనో ఒక స్కూల్లో చిన్న రేడియో క్లబ్ ఉంటే, ఆ గుంపులో సగం మంది సెలవు రోజున కూడా వచ్చేవాళ్లు. ఇంతవరకూ అలాంటి అవకాశం వాళ్లకు ఎవరూ చూపించలేదు.

దొరికినప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పగిలిన బెలూన్‌లో వాయువు మిగలదు, కాబట్టి అది పేలదు. దారం కరెంటు తీగ మీద పడితే మాత్రం లాగకూడదు, లైన్‌మన్‌కు చెప్పాలి. ఆ దారం ముప్పై మీటర్లు కూడా ఉండవచ్చు. తడిసి ఉంటే మరీ ప్రమాదం. రబ్బరు పీలికలు, దారం చేనులో వదిలేస్తే మేకలు, ఆవులు మింగుతాయి, ఏరి తీసేయాలి. లోపలి లిథియం సెల్లులను పొయ్యిలో, చెత్త మంటలో వేయకూడదు. లేబుల్ మీద తిరిగి ఇవ్వమని, ఫలానా నంబరుకు చెప్పమని ఉంటే ఆ ప్రకారం చేయాలి. ఏమీ లేకపోతే స్కూలుకు ఇవ్వండి. మా ల్యాబులో కొన్న ఏ మోడల్ కంటే అది ఎక్కువ పాఠం చెప్పింది.

మన పల్లెల మీదుగా పోయే ప్రతి డబ్బా మీదా ఒక తెలుగు స్టిక్కర్ ఉండాలని నా కోరిక. కన్నడం, తమిళం పక్కన రెండు మూడు లైన్లు చాలు. "ఇది గాలిని, తేమను కొలిచిన వాతావరణ పరికరం. పేలదు. కరెంటు తీగ మీద ఉంటే ముట్టుకోవద్దు. దగ్గర్లోని స్కూలుకు ఇవ్వండి." ఆ వాక్యాలు రాసింది మా టెన్త్ అమ్మాయే, సీరియల్ నంబరు రాసుకున్న అదే పేజీలో. ఆ పేజీని ఉత్తరంతో పాటు సంబంధిత కార్యాలయానికి పంపాం.